ఇరవై నాలుగో తేదీ మేఘం

తార్తు, 1925 మే 12

ఆ రాత్రి నిద్రపోయింది ఎవరు బాబాయ్? నాన్నా, మీరా?

కుశలం అడగకుండా ఉత్తరం ఇలా మొదలుపెట్టినందుకు ఏమీ అనుకోకండి. ఏడేళ్ల వయసు నుంచి మోస్తున్న ప్రశ్న ఇది. కుశలప్రశ్నల తర్వాత అడుగుదామని మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ వాతావరణం గురించి రాసి చింపేశాను.

మా ఊళ్లో కొందరు కలిసి ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. రాత్రిపూట వెలిగే మేఘాల్ని జనం మొదటిసారి గుర్తుపట్టి ఈ వేసవికి నలభై ఏళ్లు. ఆ తొలి వేసవుల్లో మన వైపు ఎవరెవరు వాటిని చూసి రాసిపెట్టారో పేర్లు పోగుచేస్తున్నారు. బడిలో లెక్కలు చెబుతాను కదా అని కాగితాలు సరిచూసే పని నాకు అంటగట్టారు. సెప్టెంబరు ఒకటి గడువు. నాన్న నోటుబుక్కు నా బల్ల మీదే ఉంది. పంపాలా వద్దా అన్నది తేలడం లేదు.

నాకు తెలిసింది రాస్తాను, తప్పుంటే దిద్దండి. 1887 వేసవిలో నాన్న వోసులో బడిపంతులు. మీరు తాపా స్టేషన్లో తంతి గుమాస్తా. మధ్య నలభై వెర్స్టుల దూరం, ఇప్పటి లెక్కలో నలభై మూడు కిలోమీటర్లు. ఒకే క్షణంలో రెండు చోట్ల నుంచి ఒకే మేఘాన్ని నక్షత్రాల మధ్య గీస్తే అది ఎంత ఎత్తులో ఉందో లెక్కకట్టవచ్చని పరిశీలకుల సంఘం వాళ్లు రాశారు. మీరిద్దరూ ఒప్పుకున్నారు. జూన్ 24, 25, 26, రాత్రి పన్నెండు నలభై. తేదీలు ఇద్దరివీ పాత క్యాలెండరువే కనుక కొత్త క్యాలెండరుతో వచ్చే పన్నెండు రోజుల తేడా గొడవ ఇక్కడ లేదు.

26వ తేదీకి నాన్న రాసింది: "బ్రహ్మహృదయ నక్షత్రం కింద వెండి అలలు. ఇంత కాంతి ఎన్నడూ చూడలేదు." అదే 26కి మీరు రాసింది: "ఎడతెగని వాన." ఆ రాత్రి జిల్లా అంతటా వానే అని మిగతా రైలు స్టేషన్లు కూడా చెప్పాయట. సంఘం కార్యదర్శి ఉత్తరం ఇంకా నోటుబుక్కులోనే ఉంది: "ఈ సోదరులలో ఒకరు మేఘాన్ని కలగన్నారు, లేదా మరొకరు వానను కలగన్నారు. ఇద్దరినీ వదిలేస్తున్నాం." దాని తర్వాత నాన్న ఆకాశం గురించి ఒక్క మాట రాయలేదు. మీరు మా ఇంటికి రాలేదు. ఆయన పోయినప్పుడు కూడా.

అబద్ధం రాసినవారి పేరు నా చేత్తో ఎక్కించలేను. నిజం రాసినవారి పేరు నా చేత్తో వదిలేయలేను. మీరు చెప్పండి.

మీ అన్న కూతురు,
అల్వీనె


తాపా, 1925 మే 20

అమ్మాయ్,

పీటర్స్‌బర్గ్‌లో అన్నేళ్లు గణితం చదివించారు కదా, పెద్దవాళ్లను "మోకాళ్లు ఎలా ఉన్నాయి" అని అడగడం ఒక్కటి నేర్పలేదా? బాగాలేవు. కుడిది మరీను.

నేను మేలుకునే ఉన్నాను. వాన పడుతోంది అని ఎందుకు రాశానంటే వాన నా మెడ మీద పడుతోంది కాబట్టి. స్టేషన్ వెనక బొగ్గు కుప్ప పక్కన, గోనెపట్టా కప్పుకుని, పన్నెండు నలభై నుంచి ఒంటిగంట దాకా నిలబడ్డాను. లోపల తంతి మిషన్ కొట్టుకుంటే పరుగెత్తడానికి తలుపు తెరిచి పెట్టుకున్నాను. ఆ తలుపులోంచి వాన లోపలికి కొట్టి కాగితాలు తడిశాయని మా స్టేషన్ మాస్టరు మర్నాడు నన్ను తిట్టిన తిట్లు ఇంకా గుర్తున్నాయి. వానను కలగంటే తిట్లు పడతాయా?

ఇక మీ నాన్న. మా అన్నకి చేతిలో పెన్సిల్ ఉంటే చాలు, ఎదురుగా ఏమీ లేకపోయినా బొమ్మ వేసేవాడు. చిన్నప్పుడు ఊరి పాస్టరు గారి గుర్రానికి ఐదో కాలు వేశాడు, తోక అనుకోండి అన్నాడు. అది నవ్వులాట. ఇది నవ్వులాట కాదు. ఆయన ఏం చేశాడో మీ అమ్మ బతికుండగా అడగాల్సింది.

నా పేరు ఏ పుస్తకంలోనూ వద్దు. నాకు పేరు ఉంది, స్టేషన్లో అందరికీ తెలుసు.

కాగితం మీద నూనె మరక చూసి ముక్కు చిట్లించకు. తినే బల్ల మీదే రాస్తాను, నాకున్నది ఆ ఒక్క బల్లే. ఉప్పు చేప ఈ ఏడాది బాగుంది.

తోనిస్


తార్తు, జూన్ 2

బాబాయ్,

మోకాళ్లు ఎలా ఉన్నాయి? నిజంగానే అడుగుతున్నాను.

అమ్మను అడిగాను. పోయే ముందు ఏడాది. "ఆ చివరి రాత్రి మీ నాన్న మోకాళ్ల దాకా తడిసి వచ్చాడు, బూట్లు పొయ్యి పక్కన రెండు రోజులు ఆరాయి" అంది. గోడ వైపు తిరిగి పడుకుంది. తడిసి వచ్చారంటే వానలో ఉన్నారనే కదా. వానలో ఉన్న మనిషి వెండి అలలు ఎలా గీస్తాడు? ఈ లెక్క వేసుకున్న రోజు నుంచి నాకు నాన్న ఫొటో వైపు చూడడం కష్టమవుతోంది.

మీ మీద కూడా అనుమానం లేదని అనను. అంటే అబద్ధమవుతుంది. మా ఇంట్లో మీ పేరు ఎత్తేవాళ్లం కాదు. పొరపాటున ఎత్తితే, ఆ మూడు రాత్రులూ మీరు తాగి ఉన్నారని నానమ్మ గొణిగేది. నేను పెరిగింది ఆ గొణుగుడు వింటూ.

ఇంకో సంగతి. నోటుబుక్కులో 24వ తేదీ కాగితం లేదు. 25 ఉంది, 26 ఉంది. 24 ఉండాల్సిన చోట కుట్టు దగ్గర వేలెడు అంచు మాత్రం మిగిలింది. చింపలేదు బాబాయ్, కోశారు. స్కేలు పెట్టి, చాకుతో. అంత నెమ్మదిగా కోసినవారికి ఏదో కారణం ఉండి తీరాలి. ఆ కాగితం ఎక్కడుందో మీకు తెలుసా?

అల్వీనె


తాపా, జూన్ 7

పోలీసు అమ్మాయ్‌కి,

దొంగను పట్టుకున్నావు. కాగితం నా దగ్గరే ఉంది, లేదా ఉండేది. ఆ శరదృతువులో, కార్యదర్శి ఉత్తరం వచ్చాక, మా అన్న దాన్ని కోసి నాకు పంపాడు. కింద ఒక్క వాక్యం: "నేను మొదటి రాత్రి నుంచీ కూర్చున్నానని చూడు." నేను చూడలేదు. మడిచి పెట్టెలో పడేశాను. పెట్టె తర్వాత రెండు ఇళ్లు మారింది, ఒక యుద్ధం చూసింది.

వాన మనిషిని నెత్తి మీద నుంచి తడుపుతుందమ్మా, మోకాళ్ల దగ్గర ఆగదు. మంచుపట్టిన గడ్డిలో నడిచినా బూట్లు అలాగే తడుస్తాయి. మీ నాన్న పక్షాన మాట్లాడుతున్నానని అనుకోకు. లెక్కల పంతులమ్మవి కదా అని దిద్దుతున్నాను.

తాగానని అన్నారా? మా అమ్మే అందా? సరే. నేనెక్కడ ఉన్నానో చెబుతాను. 24 నా మొదటి రాత్రి. 23 సాయంత్రం, ఏటా ఆ ఒక్క రాత్రికే వేసే యాన్ పండుగ మంటలు వేశారు. ఊరు ఊరంతా గుట్ట మీదకు పోయింది. రేత్ అని, కంచరి కూతురు, "పన్నెండుకి మంట దగ్గర ఉంటాను, రాకపోతే ఇక రాకు" అంది. నేను వెళ్లలేదు. అర్ధరాత్రి దాటితే 24, పన్నెండు నలభైకి కూర్చోవాలి, అన్నకు మాటిచ్చాను. బొగ్గు కుప్ప పక్కన కూర్చుని గుట్ట మీద మంటలు చూశాను, వాళ్ల పాటలు విన్నాను. మేఘం పల్చగా, ఉత్తరాన గీతలా కనబడింది. గీశాను. ఆ శీతాకాలం రేత్ పిండిమర వాణ్ని చేసుకుంది.

ఆ మేఘం కోసం నేను వదులుకున్నది అది. ఆ తర్వాత మీ నాన్న వానలో వెండి అలలు గీసి నన్ను నిద్రమొహం వాణ్ని చేశాడు. ఇప్పుడు అడుగు, ఎవరు నిద్రపోయారో.

తోనిస్


తార్తు, జూన్ 14

బాబాయ్,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడుసార్లు రేత్ కోసం. నాలుగోసారి ఒక అంకె కోసం.

"అర్ధరాత్రి దాటితే 24" అని రాశారు. మీకది సహజం. తంతి గుమాస్తాకి అర్ధరాత్రి కొట్టగానే తేదీ మారుతుంది. కానీ ఆకాశం చూసేవాళ్లకు అలా మారేది కాదు. వాళ్ల రోజు మధ్యాహ్నం మొదలయ్యేది. రాత్రి మధ్యలో తేదీ మారితే చిక్కని, ఒక రాత్రి మొత్తానికి ఒకే తేదీ వచ్చేలా అలా పెట్టుకున్నారు. ఈ ఏడాది జనవరి నుంచే ఆ పద్ధతి మానేశారు. కొత్త పంచాంగం మొదటి పేజీలో ఆ ప్రకటన చూసి కూడా, అది మన ఇంటి సంగతి అని నాకు తట్టలేదు. నోటుబుక్కు వెనక అట్టకు సంఘం వాళ్ల సూచనల కాగితం అంటించి ఉంది. మూడో సూచన: "రోజును మధ్యాహ్నం నుంచి లెక్కించాలి." చిన్నప్పటి నుంచి చూస్తున్న కాగితమే.

ఇప్పుడు చూడండి. పన్నెండు నలభై. మీ లెక్కలో 26వ తేదీ మొదలై నలభై నిమిషాలు. మధ్యాహ్నం నుంచి లెక్కించేవారికి 26వ తేదీ మొదలై పన్నెండు గంటల నలభై నిమిషాలు. రాసిన అంకెలు ఒకటే. రాత్రులు వేరు. నాన్న ఆ సూచన పాటించి ఉంటే, మూడు రాత్రులూ మీరు ఒక రాత్రి ముందు కూర్చున్నారు, ఆయన ఒక రాత్రి వెనక. మీ నెత్తిన వాన పడుతున్నప్పుడు ఆయన ఇంట్లో నిద్రపోతూ ఉంటారు, ఏ తప్పూ లేకుండా. మర్నాటి రాత్రి, మీరు పని అయిపోయిందని పడుకున్నాక, ఆయన మంచుగడ్డిలో నడిచి వెళ్లి వెండి అలలు గీసి ఉంటారు. అమ్మ చెప్పిన బూట్లు కూడా సరిపోతాయి. మోకాళ్ల దాకానే.

పాటించి ఉంటే. అక్కడే ఆగిపోతున్నాను. సూచన అట్టకు అంటించడం వేరు, పాటించడం వేరు. ఆ మర్నాటి రాత్రి ఆకాశం ఎలా ఉందో చెప్పే స్టేషన్ పుస్తకాలు యుద్ధంలో కాలిపోయాయట.

తేల్చగలిగింది ఆ 24వ తేదీ కాగితం ఒక్కటే. నాన్న అర్ధరాత్రి లెక్కలో ఉంటే, ఆయన 24 కూడా మంటల రాత్రే. వోసు తీరం పొడుగునా మంటలు వేస్తారు, ఆయన ఆకాశం కింద నేల గీతను గీయకుండా ఎప్పుడూ వదలరు, 25లో గడ్డివాములు కూడా వేశారు. మంటలు, పొగ ఆ కాగితంలో ఉండి తీరాలి. ఉంటే ఆయన 26 అబద్ధం. మంటలు లేకుంటే అది మర్నాటి రాత్రి. అప్పుడు ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు.

నాన్న భుజాల మీద కూర్చుని మంటలు చూసిన జ్ఞాపకం నాకుంది. ఆయన తలకు పొగ వాసన. ఆ ఏడాదేనా, అంతకు ముందటి ఏడాదా, చెప్పలేను.

పెట్టె వెతకండి బాబాయ్.

అల్వీనె


తాపా, జూన్ 27

అమ్మాయ్,

నీ లెక్క అర్థమైంది. నాకు నచ్చలేదు.

నచ్చకపోవడానికి కారణం చెబుతాను, నవ్వకు. అబద్ధమాడిన అన్న మీద ముప్ఫై ఎనిమిదేళ్లు కోపం పెట్టుకోవచ్చు. అది ఒక మనిషి చేయగల పని. మధ్యాహ్నం నుంచి లెక్కపెట్టిన అన్న మీద? ఆయన చావుకు వెళ్లకుండా ఆ రోజు ఈ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. పన్నెండు గంటల తేడా కోసమా?

ఒకటి మాత్రం నీ లెక్కలో నన్ను పొడిచింది. నువ్వన్నదే నిజమైతే నేను రేత్‌ను వదులుకుని కూర్చున్న రాత్రి ఆయన కూర్చోలేదు. నిన్ను భుజాన వేసుకుని మంటల దగ్గర ఉన్నాడు. నేను ఒక్కణ్నే కూర్చున్నాను. ఎవరి కోసమో నాకు తెలియడం లేదు.

మొన్న యాన్ మంటలకు వెళ్లాను. తాపా వచ్చాక ఇదే మొదటిసారి. కుర్రాళ్లు "తాతా, మంట మీదుగా దూకుతావా" అన్నారు. "నా మోకాలి సంగతి మీ నాయనమ్మలను అడగండి, అప్పట్లో దూకేది" అన్నాను. అప్పట్లో కూడా దూకలేదు. ఒకావిడ వేయించిన చేప పెట్టింది. ఉత్తరాన మేఘం ఏమీ లేదు.

పెట్టె అటక మీద ఉంది. నేను ఎక్కలేను. ఎవరైనా వస్తే దింపిస్తాను.

తోనిస్


తార్తు, ఆగస్టు 3

బాబాయ్,

అయిదు వారాలైంది. మీ ఆరోగ్యం ఎలా ఉందోనని మొదటి రెండు వారాలు అనుకున్నాను. తర్వాత వేరేగా అనుకోవడం మొదలుపెట్టాను, దాన్ని దాచను. అటక మీద నుంచి ఒక పెట్టె దింపడానికి తాపాలో ఒక మనిషి దొరకడా? కాగితం దొరికి ఉంటుందని, అందులో మంటలు ఉన్నాయని, నాకు చెప్పలేక ఆపుతున్నారని అనిపిస్తోంది. లేకపోతే మంటలు లేవని, అది మీరు ఒప్పుకోలేక ఆపుతున్నారని.

ఏది ఉన్నా పంపండి. నేను చిన్నపిల్లను కాను.

అల్వీనె


తాపా, ఆగస్టు 19

అమ్మాయ్,

ఇదిగో. మంటలు లేవు, చూసుకో. నువ్వే నెగ్గావు. ఆయనా, నేనూ కూడా.

పెట్టె దింపింది ఈ సోమవారమే. అంతకు ముందు దింపలేదు అనే మాట నమ్మితే నమ్ము.

దీని గురించి ఇంకేమీ అడగకు. జాబితాలో ఆయన పేరు ముందు రాయి, పెద్దవాడు.

తోనిస్


తార్తు, ఆగస్టు 30

బాబాయ్,

కాగితం భద్రంగా చేరింది. మడత దగ్గర కొంచెం నలిగింది, అంతే. కుట్టు దగ్గరి అంచుకు ఆనించి చూశాను, చాకు గీత అతికినట్టు సరిపోయింది. కింద నాన్న రాసిన వాక్యం ఉంది. "మొదటి రాత్రి నుంచీ." కాగితం పైభాగంలో మేఘం పల్చని గీతలా ఉంది. పక్కన 24, 12-40.

మంటలు లేవు. అది నిజం.

కానీ నేల గీత కింద, కాగితం ఎడమ నుంచి కుడి దాకా, ముదురు రంగు మరక ఉంది. అది నాకు బాగా తెలిసిన మరక. నాన్న బడిలో రబ్బరు ఉండేది కాదు. తప్పు గీస్తే రై ధాన్యపు నల్ల రొట్టె లోపలి మెత్తటి భాగం ఉండ చేసి తుడిచేవాళ్లం. తెల్ల రొట్టె అయితే శుభ్రంగా పోతుంది, రై రొట్టె మాత్రం ఇలా మసక మిగులుస్తుంది. ఆ విద్య నాన్నకు నేర్పింది తాతయ్య. అంటే మీకు కూడా.

భూతద్దం పెట్టి కిటికీ దగ్గర చూశాను. పెన్సిల్ ఒత్తిన గాడులు ఏడు ఉన్నాయి, నిలువుగా, చిన్నచిన్నవి. తీరం పొడుగునా మంటల పొగలు కావచ్చు. వోసు తీరంలో వరసగా ఉండే జునిపర్ పొదలు కూడా కావచ్చు, అవీ అంత ఎత్తే, అంతే సన్నం. సూచనల కాగితంలో అయిదోది ఇప్పుడు కళ్లబడింది: "ఆకాశం తప్ప మరేదీ గీయకండి." నాన్న దాన్ని పాటించి తనే తుడిచి ఉండవచ్చు. అలాగైతే 25లో గడ్డివాములు ఎందుకు ఉంచారని వెంటనే అడుగుతాను. అడిగి, మూడు కాగితాలూ ఒకేలా దిద్దే మనిషి కాదు కదా ఆయన అని నాకు నేనే జవాబు చెప్పుకుంటాను. కవరు దులిపితే బల్ల మీద రొట్టె పొడి రాలింది. మీరు తినే బల్ల మీదే రాస్తారని నాకు తెలుసు. మీ ప్రతి ఉత్తరంలోంచీ ఏదో ఒకటి రాలుతూనే ఉంది.

ఇలా ప్రతి దానికీ రెండో జవాబు ఉంది. ఆ రెండో జవాబుకూ మొదటిది అడ్డం వస్తోంది.

ఇవాళ ఉదయం కట్ట కట్టి పంపేశాను. మిహ్కెల్ కుర్రిక్, వోసు. తోనిస్ కుర్రిక్, తాపా. మీరు వద్దన్నా రాశాను. ఆయన పేరు ముందే రాశాను. తేదీల లెక్క వివరించి, "24వ తేదీ కాగితం అడుగు భాగాన రొట్టెతో తుడిచిన మరక ఉంది" అని కూడా రాశాను. ఎవరు తుడిచారో రాయలేదు, తెలియదు కాబట్టి. పుస్తకం వాళ్లు రెండు పేర్లూ ఉంచవచ్చు, తీసేయవచ్చు. మరక గురించి రాయకుండా ఉండగలనా అని నిన్నంతా ప్రయత్నించాను. ఉండలేకపోయాను. దీనికి మీరు నా మీద కోపం తెచ్చుకుంటే అది న్యాయమే.

అడగవద్దన్నారు, అడగడం లేదు. మీకు చెబుతున్నాను, అంతే. తుడిచింది నాన్న అయితే, అది తప్పు దిద్దుకోవడమా, దాచుకోవడమా, నాకు తెలియదు. తుడిచింది మీరైతే, ఆ కాగితంలో మంటలు ఉన్నాయి. అంటే నాన్న అబద్ధమాడారు. ముప్ఫై ఎనిమిదేళ్ల మీ కోపానికి సాక్ష్యం ఒక్కటే మిగిలింది, దాన్ని కూడా మీరు భోజనం బల్ల దగ్గర కూర్చుని రొట్టె ముక్కతో చెరిపేశారు. నా కోసమో, ఆయన కోసమో. అలాంటి పని చేసిన మనిషిని చిన్నప్పటి నుంచి తాగుబోతు అనుకున్నాను. లేదా మీరేమీ చేయలేదు, పెట్టె దింపి, మడత విప్పకుండా పంపారు, నేనే మరో అనుమానం కట్టుకుంటున్నాను.

వచ్చే శనివారం పగటి బండికి తాపా వస్తున్నాను. ఆ గుట్ట చూపించండి, మోకాలు సహకరిస్తే. కాగితం గురించి నోరెత్తను.

నాన్న అబద్ధమాడారో లేదో నాకు ఇంకా తెలియదు. ఆ మరక ఎవరి చేతిదైతే నాకు ఎక్కువ ఊరటగా ఉంటుందో, అదీ తేల్చుకోలేకపోతున్నాను.

అల్వీనె